బరువు లేని ఆట, ఎంగేజ్‌లో ఉన్న ఫోను

పాసయ్యాను. అన్ని పేపర్లూ పాసయ్యాను. బి.యస్సీ., ఫిజిక్సూ మ్యాథ్సూ. నాయన వైపు, అమ్మ వైపు, చెరుకు తోటల పని కోసం ఈ దేశంలో ఓడ దిగినవాళ్ల దగ్గర్నుంచి వెతికినా మా ఇంట్లో డిగ్రీ ముట్టుకున్న మొదటి మనిషిని నేనే. పొద్దున డిపార్ట్‌మెంట్ గోడకి కాగితం అంటించారు. నా నంబరు మీద వేలు పెట్టి మూడుసార్లు చదివాను. వెనకున్న అమ్మాయి "అది నీదేలే, ఇక జరుగు" అంది. మా ఫీనిక్స్ పేటకొచ్చే బస్సులో పక్క సీటు ముసలాయనకి చెప్పాను, డ్రైవరుకి చెప్పాను, మా వీధి మొదట్లో టమాటాలు అమ్మే జులూ ఆవిడకి చెప్పాను. ఆవిడ రెండు టమాటాలు చేతిలో పెట్టి నవ్వింది.

ఇంటికొచ్చి అమ్మానాయనలకి చెప్పాను. ఆ వెంటనే ఇంకో సంగతి కూడా చెప్పాను. అది డిగ్రీ వచ్చేదాకా బయటపెట్టకూడదని అన్న నా దగ్గర మాట తీసుకున్నాడు. రెండేళ్లుగా నాయన అన్నతో మాట్లాడడం లేదు. అన్న ఈ గడప తొక్కడం లేదు. ఆ తప్పు అన్నది కాదు, నాది.

అన్న నాకన్నా అయిదేళ్లు పెద్ద. ప్రాస్పెక్టన్‌లో కార్ల ఫ్యాక్టరీలో పని. కార్లు తల మీదుగా సాగిపోతుంటే, కింద నిలబడి చేతులు పైకెత్తి అడుగు భాగానికి బోల్టులు బిగించాలి. నేను యూనివర్సిటీలో చేరగానే నా చదువుకని కంప్యూటరు తెచ్చాడు. దానితోపాటు ఫ్యాక్టరీ స్నేహితుడి దగ్గర ఒక ఆట కూడా కాపీ చేయించుకొచ్చాడు. రెండూ గరాజులో చేరాయి.

ఆ ఆటలో బరువు ఉండదు. ఎక్కడో అంతరిక్షంలో పాడుబడ్డ స్టేషను, అందులో తుపాకులు పట్టుకుని తేలే మనుషులు. మనకి కనిపించేది మన చేతిలో తుపాకీ, ఎదురుగా ఉన్న చీకటి, అంతే. తుపాకీ పేలిస్తే గుండు ముందుకి, మనం వెనక్కి. ఆపేది ఏమీ ఉండదు, గోడ తగిలేదాకా పోతూనే ఉంటాం. ఫోను తీగ మోడెమ్‌కి తగిలిస్తే ఊళ్లో ఇంకెవరెవరో ఎనిమిదిమంది వచ్చి కలుస్తారు, వాళ్ల ముఖాలు ఎప్పటికీ చూడం. ఆడినంతసేపూ ఇంటి ఫోను ఎంగేజ్.

మొదటి ఆదివారం నాకు వాంతి వచ్చినంత పనైంది. స్టేషను నేల నా కాళ్ల కిందే ఉండాలని మౌసు తిప్పి తిప్పి సర్దుకుంటూ కూర్చున్నాను. ఆలోగా ఎవడో వచ్చి కాల్చి పోయాడు.

"ఏయ్ చెల్లే, నేల కోసం ఏటి వెతుకుతావ్? ఇక్కడ నేల లేదు మ్యాన్" అన్నాడు అన్న.

"కడుపులో తిప్పుతాది అన్నా."

"తిప్పనీ. రోజూ ఎనిమిది గంటలు నా నెత్తి మీద కార్లు పోతాయి. నాకు తిప్పదా? నువ్వు ఎటు చూస్తే అదే ముందు. అంతే."

అన్న తలకిందులుగా తేలుతూ వచ్చేవాడు. అందరూ పైకప్పు అనుకునే చోట కూర్చుని కిందివాళ్లని కాల్చేవాడు. పైకి చూస్తూ పని చేసే అలవాటు మరి. సిడెన్‌హామ్‌లో మా అత్త దగ్గరుండే అవ్వ, నాయన వాళ్లమ్మ, ఆదివారాలు మా ఇంటికొచ్చేది. గరాజు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఓపిగ్గా చూసేది.

"కాలు కింద పెట్టరు. మరి ఈళ్లకి కాళ్లు ఏల?" అని అడిగింది ఒకసారి.

"తన్నడానికి అవ్వా."

"సచ్చినోడా, నిన్ను తన్నాలి" అని మురిసిపోయింది.

గోవింద నెల వచ్చింది. మా వాళ్లు ఆ నెలంతా మాంసం ముట్టరు, శనివారాలు ఉపవాసం, పూజ. అన్నం దగ్గర నాయన కొత్త చట్టం పెట్టాడు.

"ఈ నెల్లో కోడిని కొయ్యం. మనిషిని కాల్చేది మాత్రం ఓకేనా?"

"నాయనా, అది మనిషి కాదు, బొమ్మ" అన్నాడు అన్న.

"బొమ్మ అయితే రగతం ఏల?"

"రగతం కాదు నాయనా, ఎర్ర లైటు."

"ఐకోనా" అంది అమ్మ, జులూలో, కుదరదని. ఆ మాటకి మా ఇంట్లో ఎదురులేదు. "పూజ అయ్యేదాకా ఆట లేదు."

అన్న దీపం ముందు నిలబడి సరేనన్నాడు. మాట నిలబెట్టుకున్నాడు కూడా. నన్నెవరూ అడగలేదు. ఆట మా అన్నదే అని అందరి లెక్క, నేను పక్కన కూర్చునేదాన్ని మాత్రమే. నాకు పరీక్షలు వారంలో ఉన్నాయి. పొద్దున లైబ్రరీకని బస్సెక్కి, పదకొండింటికల్లా తిరిగొచ్చి, గరాజు వెనక తలుపు తీసుకుని లోపలికి పోయేదాన్ని. అమ్మానాయనలిద్దరూ బట్టల ఫ్యాక్టరీలో, అన్న నైట్ షిఫ్టు దిగి లోపల నిద్రలో. అలా నాలుగు రోజులు. అయిదో రోజు గురువారం.

ఆ రోజు బాగా ఆడాను. నేల వెతకడం మానేశాను, తేలడం వచ్చేసింది. హెడ్‌ఫోన్లు చెవులకి బిగించుకున్నాను. ఫోను తీగ మోడెమ్‌కే ఉంది.

పన్నెండింటికి సిడెన్‌హామ్‌లో అవ్వకి ఆయాసం మొదలైంది. డాక్టరు వచ్చి, చూడాల్సినవాళ్లని పిలిపించుకోండి అన్నాడు. అవ్వ నాయన్ని అడిగింది. నాయన ఆమెకి ఒక్కగానొక్క కొడుకు. ఫ్యాక్టరీలో మిషన్ల మీద ఉన్నవాళ్లని ఫోనుకి పిలవరు. అందుకని అత్త మా ఇంటికి చేసింది. అన్న ఇంట్లో ఉంటాడని, వాడి బండిలో నాయన్ని అరగంటలో తెస్తాడని ఆమెకి తెలుసు. ఎంగేజ్. మళ్లీ ఎంగేజ్. చివరికి ఎవర్నో అడిగి మా పక్కింటి ఆంటీ నంబరు పట్టుకుంది. ఆంటీ వచ్చి మా తలుపు బాదితే నాకు వినపడలేదు. అన్న లేచాడు.

గరాజులోకొచ్చి నా చెవులకున్నవి తీశాడు. కోప్పడలేదు. "అవ్వకి బాలేదు. నేను నాయన్ని తెస్తా. నువ్వు వెనక నించి పో. ఆరింటికి వర్సిటీ నించి వచ్చినట్టు రా" అన్నాడు. అప్పుడు మూడు దాటింది.

వాళ్లు సిడెన్‌హామ్ చేరేసరికి అవ్వ లేదు.

నేను ఆరింటికి వచ్చాను. ఎవరూ లేని ఇంట్లో పుస్తకాల సంచీ భుజాన పెట్టుకునే కూర్చున్నాను. రాత్రి అందరూ తిరిగొచ్చాక నాయన అడిగాడు, మధ్యాహ్నమంతా ఫోనులో ఎవరని. అన్న నా వైపు చూడలేదు. "నేనే నాయనా, ఆడుతున్నా" అన్నాడు. గోవింద నెల, దీపం ముందు ఇచ్చిన మాట, అవ్వ మూడు గంటల ఎదురుచూపు, అన్నీ ఆ రెండు ముక్కలతో తన మీద వేసుకున్నాడు. నేను నోరు తెరవబోతే వంటింట్లోకి లాక్కెళ్లి, "నీ పరీక్ష పాడయితే నేను కార్ల కింద నిలబడేది ఎందుకు? డిగ్రీ కొట్టు, అప్పుడు చెప్పు" అన్నాడు. నేను మూసుకున్నాను. అన్నకిచ్చిన మాట కోసమే అని రెండేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. భయం కూడా ఉంది.

అంత్యక్రియలనాడు అవ్వని పడుకోబెట్టిన పెట్టెని మనవలందరూ మొయ్యాలి. అన్న ముందు వరసలోకి వచ్చి చెయ్యి వెయ్యబోయాడు. "వాడు మొయ్యడు" అన్నాడు నాయన, అందరూ వినేటట్టు. అన్న చెయ్యి తీసేసి వెనక్కి వెళ్లి, ఆడవాళ్ల పక్కన నిలబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. పదహారో రోజు కర్మ అయ్యాక, ఫ్యాక్టరీ దగ్గర ఇసిపింగోలో ఒక గది తీసుకుని వెళ్లిపోయాడు.

ఈ రోజు నేను చెప్పడం అయిపోయాక నాయన నేను తెచ్చిన టమాటాలని బల్ల మీద పక్కకి జరిపాడు.

"ఆ రోజు నువ్వు వర్సిటీలో ఉన్నావు గదా" అన్నాడు.

"లేను నాయనా. గరాజులో ఉన్నా."

"మరి వాడు ఏల ఒప్పుకున్నాడు?"

"నాకు పరీక్షలని."

అమ్మ చీర కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది. నాయన తిట్టలేదు. తిడతాడని రెండేళ్లు సిద్ధంగా ఉన్నాను. "పెట్టె ముట్టనియ్యలేదు నేను వాడ్ని" అన్నాడు. మళ్లీ, "ఇంక అది ఎలా మోస్తాడు వాడు?" అని నన్నే అడిగాడు, ఫిజిక్స్ చదివినదాన్ని కదా, నాకు తెలుస్తుందేమో అన్నట్టు.

తర్వాత ఫోను తెచ్చి నా ముందు పెట్టాడు. "వాడికి నువ్వు చెయ్యి. నాకు ఏటి మాట్లాడాలో తెలీదు" అన్నాడు. పక్కింటి ఆంటీ లడ్డూలతో వచ్చి నన్ను కావిలించుకుంది. నేను నవ్వాను. నిజంగానే సంతోషంగా ఉంది. అదేం చేసినా పోవడం లేదు.

ఇంకా ఫోన్ చెయ్యాల్సినవాళ్లు:

ఆదివారం బడిలో నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన టీచరమ్మ.

స్టాంగర్‌లో అమ్మ తమ్ముడు, నా మొదటి ఏడాది పుస్తకాలు కొన్న మావయ్య.

ల్యాబులో నా పక్క బల్ల అమ్మాయి. ఆమె నంబరు కూడా గోడ మీద ఉంది, చూసుకుందో లేదో.

అన్న. ఇప్పుడు పగటి షిఫ్టు, సాయంత్రం అయిదింటికి దిగుతాడు. గది ఇచ్చినవాళ్ల ఫోనుకి చేస్తే పిలుస్తారు.

అత్త. ఆ రోజు ఎన్నిసార్లు డయల్ చేసిందో ఆమెని నేనెప్పుడూ అడగలేదు.