ఎడంచేతి సెల్యూట్

మావయ్య పోయాడు. బొబ్బిలిలో మా బడిలో మొదటి పీరియడు మొదలుకాబోతుండగా అత్తయ్య ఫోను చేసింది. "మీ మావయ్య ఎలిపోనాడే. టీ తాగీసి, గళాసు కడిగీసి, కుర్సీలో కూకున్నాడు. మరి లెగలేదు" అంది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను, సుద్దముక్క చేత్తో పట్టుకుని, ఏడో తరగతి పిల్లలందరి ముందూ. తాగిన గ్లాసు కడిగి మరీ పోవడం మా మావయ్యకే చెల్లింది. ఓడలో వంట చేసినవాడు ఎంగిలి గ్లాసు వదిలేసి కూర్చోలేడు.

మా అమ్మకి అన్నగారు ఆయన. పొందూరు పక్కన వరీ ఉలవా పండించుకునే ఇంట్లో పుట్టి, విశాఖపట్నం వెళ్ళి నేవీలో వంటవాడిగా చేరాడు. రిటైరయ్యాక అరసవల్లిలో, గుడికి పోయే ఆటోల హారన్లు పొద్దస్తమానం వినిపించే ఒక సందులో మేడ కట్టుకున్నాడు. "మీ అన్నయ్య నేవీలో ఏం ఉద్యోగం?" అని ఎవరైనా అడిగితే మా అమ్మ "నేవీయే" అని ఊరుకునేది. వంట సంగతి మింగేసేది. నాకు ఒళ్ళు మండేది. వంటయితే ఏం, నామోషీయా? అంతమంది యుద్ధం చేయాలంటే ఎవరో ఒకరు వండాలి కదా. అమ్మ దాచిన మాట నేను ఇక్కడ అచ్చులో చెబుతున్నాను: మా మావయ్య యుద్ధనౌకలో వంటవాడు. ఆయన వండిన అన్నం తిని మనుషులు యుద్ధంలో నిలబడ్డారు.

ఆయనకి ఒక పిచ్చి ఉండేది. పాత ఇంగ్లీషు సినిమాలు, అందులోనూ యుద్ధకాలపు నేవీ మీద తీసిన హాస్యం సినిమాలు. అవి ఎలా ఉంటాయో తెలియనివాళ్ళకి చెబుతాను. ఎక్కడో పెద్ద యుద్ధం జరుగుతూ ఉంటుంది. మన కథలో ఓడ మాత్రం తుప్పు పట్టి, ఏ క్షణాన ఏ ముక్క ఊడుతుందో అన్నట్టు ఉంటుంది. కెప్టెనుకి సముద్రం పడదు. నావికుల్లో ఒక్కడికీ ఒక్క పనీ తిన్నగా రాదు. పైనుంచి పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడంటే దాచాల్సినవన్నీ దాచుకుంటూ పరిగెడతారు. మనం పడీ పడీ నవ్వుతూ ఉండగానే విమానాలు వచ్చి పడతాయి.

మావయ్యకి వాటిలో ఒకటి ప్రాణం. దాని అసలు పేరు ఆయనకి ఎప్పుడూ పట్టుబడలేదు. మా ఇంట్లో అది మేక సినిమా. ఏదో దీవిలో జనం ఒక మేకని ఓడకి బహుమానంగా ఇస్తారు. నావికులందరికీ దాన్ని వండుకు తినాలని ఉంటుంది. ఓడ వంటవాడికి మాత్రం దాన్ని కొయ్యడానికి చేతులు రావు. ఆ పూటా ఈ పూటా అంటూ దాచుకుంటూ వస్తాడు. తనిఖీకి వచ్చిన అధికారి టోపీని ఆ మేక నమిలేస్తుంది. ఆఖర్న దాడి జరుగుతుంది. ఓడ సగం కాలిపోతుంది, ఎవరున్నారో ఎవరు పోయారో తెలియని పొగ. ఆ పొగలోంచి వంటవాడు టీ కెటిలు పట్టుకుని వస్తాడు, వెనకాలే మేక. కెప్టెను లేచి నిలబడి వంటవాడికి సెల్యూట్ కొడతాడు. అంతే, సినిమా అయిపోతుంది.

ఆ సినిమా మావయ్య మొదటిసారి చూసింది ఓడ మీదే. రేవులో ఉన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు డెక్కు మీద తెల్లగుడ్డ కట్టి సినిమా వేసేవారట. ముందు కుర్చీల్లో ఆఫీసర్లు, వాళ్ళ వెనక మిగతావాళ్ళు. వంటవాళ్ళు అందరికీ పెట్టి, గిన్నెలు కడిగి పైకి వచ్చేసరికి అటువైపు కాలు పెట్టే జాగా ఉండేది కాదు. అందుకని తెర వెనక్కి వెళ్ళి కూర్చునేవారు. గుడ్డ పల్చనిది కాబట్టి బొమ్మ ఇటు కూడా పడేది. కాకపోతే కుడి ఎడమై, ఎడమ కుడై.

పాపం మావయ్యకి ఆ సంగతి తట్టలేదు. ఆ ఓడలో అందరూ ఎడంచేత్తో సెల్యూట్ కొట్టడమే సినిమాలో అసలు హాస్యం అనుకున్నాడు. నేను చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్తే ఉల్లిపాయలు తరుగుతూ కథంతా చెప్పేవాడు. "ఆ ఓడలో ఒక్కడికీ కుడెడమలు తెలీవే అమ్మడూ. కెప్టెను సంతకం కూడా ఎడం సేత్తోనే. అలాంటి పనికిమాలినోలే యుద్దం దాటీసినారు. మనవేటి, దాటలేవా?" అనేవాడు. ఇంగ్లీషు రాదు కాబట్టి మాటలన్నీ ఆయన సొంతం. తెల్లదొరలు మా ఇంట్లో శుభ్రంగా శ్రీకాకుళం మాట మాట్లాడేవారు. తనిఖీకి వచ్చిన అధికారి "ఓరి గుంటడా, నా టోపీ ఏటైపోనాదిరా" అని అడిగేవాడు. ఆఖరి ఘట్టంలో కెప్టెను సెల్యూట్ కొట్టి, వంటవాడితో ఒక్క మాట అనేవాడు: "బాబూ, నువ్వు తిన్నావేటి?"

నేను పెద్దయ్యాక, ఓడా మేకా అని వెతగ్గా వెతగ్గా ఆ సినిమా ఇంటర్నెట్లో దొరికింది. ల్యాప్‌టాప్ తీసుకుని బస్సెక్కి అరసవల్లి వచ్చేశాను. మావయ్య కళ్ళజోడు తుడుచుకుని ముందుకు వంగి కూర్చున్నాడు. మొదటి సెల్యూట్ రాగానే మొహం మారిపోయింది. "ఇదేటి, కుడి సేత్తో కొడతన్నాడు? ఇది ఆ సినిమా కాదు. నీకెవడో దొంగది అంటగట్టీసినాడు."

తెర వెనక కూర్చుంటే అంతా తిరగబడి కనిపిస్తుందని చెప్పడానికి నాకు చాలా సేపు పట్టింది. "అక్షరాలు కూడా తిరగబడే ఉండాలి కదా మావయ్యా, అప్పుడైనా అనుమానం రాలేదా?" అని అడిగాను.

"ఇంగిలీసు అచ్చరం తిన్నగా ఉంతే మాత్రం నాకేటి తెలుస్తాదే?" అన్నాడు. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాం.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చెప్పేశాను. ఆఖర్న కెప్టెను అసలు అన్న మాట "టీ చల్లారిపోయింది" అని మాత్రమే. మావయ్య "అలాగే అననీ. ఆడికి రాలేదు, నాను అనిపించినాను" అన్నాడు. ఏ ఆఫీసరూ ఏ వంటవాణ్ణీ అడగని మాట అది. ఆయన తెర వెనక కూర్చుని, తన కోసం తానే అడిగించుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ సినిమా రాసినవాడి మాటకంటే మా మావయ్య మాటే బాగుంది.

ఆ తర్వాత ల్యాప్‌టాప్‌లో చూడ్డానికి ఒప్పుకోలేదు. మా బడి ప్రొజెక్టరు అడిగి తీసుకొచ్చాను. మేడ మీద, బట్టలు ఆరేసే తీగకి తన పొందూరు ఖద్దరు పంచె కట్టించాడు. ఆ నేత పల్చన, బొమ్మ రెండువైపులా పడుతుంది. సందులో వాళ్ళందరూ ముందువైపు, మావయ్య వెనకవైపు. మళ్ళీ ఎడంచేతి సెల్యూట్ చూసి "అదీ, ఇప్పుడు తిన్నగా ఉన్నాది" అన్నాడు. అప్పట్నుంచి నేను సెలవులకి వెళ్ళినప్పుడల్లా పొద్దుపోగానే మేడ మీద మేక సినిమా ఉండాల్సిందే. మాటలన్నీ వెనకనుంచి మావయ్యవే. వెనక ఎప్పుడూ రెండు కుర్చీలు వేయించేవాడు. ఒకటి తనకి, రెండోది అత్తయ్యకి.

అత్తయ్య ఒక్కసారి కూడా మేడ ఎక్కలేదు.

దానికి ఆవిడ కారణం ఆవిడకుంది. డెబ్బై ఒకటిలో నిజంగా యుద్ధం వచ్చినప్పుడు అత్తయ్య కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల. మావయ్య సముద్రం మీద, ఆవిడ అత్తవారింట్లో. ఊళ్ళో రేడియో ఉన్న ఇంటి అరుగు మీద కూర్చుని, వార్తల్లో ఏ ఓడ పేరు చెబుతారోనని చెవులు అప్పగించి ఉండేది. "ఆ రెండు వోరాలూ నాకు ముద్ద దిగలేదే. యుద్దవంతే నవ్వులాటేటి? మీ మావయ్యకి సెప్పు" అనేది నాతో. మావయ్య పక్కనే ఉన్నా సరే, ఆ విషయం మాత్రం నా ద్వారానే పంపేది. మావయ్య కూడా నాకే జవాబు చెప్పేవాడు. నేను మధ్యలో పోస్టుమాన్ని. మావయ్య కోరికల్లా ఒకటే, ఆ రెండో కుర్చీలో ఆవిడ ఒక్కసారి కూర్చోవాలని. నోరు తెరిచి అడగలేదు. ప్రతిసారీ కుర్చీ వేయించేవాడు, అంతే.

యుద్ధంలో నవ్వేమిటన్న ప్రశ్న నన్నూ చాలాకాలం తొలిచింది. బొబ్బిలిలో ఉద్యోగం చేస్తూ బుర్రకథలు వినగా వినగా నాకు జవాబు దొరికింది. మా వైపు యుద్ధం కథ ఎప్పుడూ ఒక్కడు చెప్పడు. మధ్యలో కథకుడు తంబురా మీటి రోషం తెప్పిస్తుంటే, పక్కన ఒక వంతవాడు హాస్యం ఆడుతూనే ఉంటాడు. కోట కూలుతున్నా వాడి నోరు ఆగదు. జనం ఏడుస్తూ నవ్వుతారు, నవ్వుతూ ఏడుస్తారు. హాస్యం లేకపోతే ఆ కథని తెల్లారేదాకా ఎవరూ మొయ్యలేరు. మావయ్య సినిమాలన్నీ ఆ వంతవాడి వైపునుంచి చెప్పిన యుద్ధాలు. వీరులు ఎక్కడో తెరమీదికి రాకుండా పోరాడుతుంటారు. మనకి కనిపించేది కడుపులో తిప్పే కెప్టెనూ, టోపీ తినే మేకా, కెటిలు పట్టుకున్న వంటవాడూ. మనలో చాలామందిమి వాళ్ళలాంటివాళ్ళమే కాబట్టి ఆ సినిమాలు ఇంతకాలం బతికాయి.

ఇంతలో ఇంట్లోనే యుద్ధం వచ్చింది. మావయ్య మనవరాలు, మేక సినిమా చూస్తూ పెరిగిన గుంట, నేవీలో చేరతానంది. ఇప్పుడు ఆడపిల్లల్ని కూడా నావికులుగా తీసుకుంటున్నారు కదా. ఎంపిక అయిపోయాక గానీ చెప్పలేదు. అత్తయ్య వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పడేసింది. ఆ రోజు మాత్రం నా ద్వారా మాట పంపలేదు, నేరుగా మావయ్యతోనే అంది. "నువ్వు నవ్వులు సూపించి సూపించి పిల్లకి బయం లేకుండా సేసీసినావు. ఓడంతే మేకలాటనుకుంతన్నాది. రేపేటన్నా అయితే ఆ కెప్టెనొచ్చి సెప్తాడేటి నాకు?"

నేను మావయ్య మొహం చూశాను. ఎప్పుడూ జోకు సిద్ధంగా ఉండే మనిషి, కంచంలో చెయ్యి అలాగే ఉంచి నిదానంగా చెప్పాడు. "ఆ యుద్దవప్పుడు ఓడ నిండా సీకటి. దీపం ఎలిగించకూడదన్నారు. నా సేతులు వొణికిపోతన్నాయి. ఆ వొణుకులో కిచిడీలో ఉప్పు రెండుసార్లు ఏసీసినాను. కుర్రోలు నోట్లో పెట్టుకుని, సముద్రం నీల్లతో వొండినావేటి అని నవ్వీసినారు. ఒకడు నవ్వితే ఇంకొకడు. ఆ నవ్వుతోనే ఆ పూట గడిసింది. నవ్వినోడికి బయం లేదనుకోకు. బయం ఉన్నాది కాబట్టే నవ్వినాం. పిల్లకి నాను నేర్పింది అదే."

అన్ని ఏళ్ళ కాపురంలో ఆయన భయపడ్డానని చెప్పడం అత్తయ్య వినడం అదే మొదలు.  ఆవిడ గిన్నెలో పడ్డ గరిటె తీసి మళ్ళీ వడ్డించింది. పిల్ల శిక్షణకి బయల్దేరే రోజున రేకు డబ్బా నిండా జంతికలు చేసి పెట్టి, "అందరికీ పెట్టు, ఒక్కర్తివే తినీకు" అంది. దాన్ని ఒప్పుకోవడం అనే అనుకున్నాం. మేడ మాత్రం ఎక్కలేదు. రెండో కుర్చీ ఖాళీగానే ఉండేది.

శిక్షణ ముగిసి పిల్ల తెల్ల యూనిఫాంలో ఇంటికొచ్చిన రోజున మావయ్యకి గుమ్మంలో నిలబడి సెల్యూట్ కొట్టింది. ఎడంచేత్తో. మావయ్య నవ్వలేదు. వీపు నిటారుగా చేసి, తనూ ఎడంచేత్తోనే జవాబిచ్చాడు. ఆ తర్వాత సందులో ప్రతి ఇంటికీ వెళ్ళి "నాను వొండినాను, మా గుంట ఓడ నడుపుతాది" అని చెప్పొచ్చాడు. ఆ పిల్ల ఓడ నడపదు, సిగ్నళ్ళ విభాగం. ఆయనకి ఎవరు చెబుతారు? గర్వం అంటే ఏమిటో నాకు ఆ రోజు ఆయన నడకలో కనిపించింది.

ఆయన పోయినప్పుడు పిల్ల సముద్రం మీద ఉంది. దినకార్యాలు అయ్యే వేళకి గానీ రాలేకపోయింది. కార్యం అయిపోయి, చుట్టాలు సర్దుకుంటున్న సాయంత్రం, అత్తయ్య నా దగ్గరకొచ్చి నిలబడింది. "ఆ పెట్టె తెచ్చినావేటే? బడి పెట్టె?" అంది. నేను తేలేదన్నాను. పిల్ల ఎక్కడికో ఫోను చేసి ఒక ప్రొజెక్టరు తెప్పించింది. తీగకి మావయ్య పంచె కట్టాం. సందులో వాళ్ళు అడక్కుండానే వచ్చి ముందువైపు కూర్చున్నారు.

అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చింది. ముందువైపు కుర్చీ చూపిస్తే తల అడ్డంగా ఊపి వెనక్కి వెళ్ళింది. "రెండు ఎయ్యండి" అంది. వేశాం. మావయ్యది వదిలేసి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉన్న తన కుర్చీలో కూర్చుంది. నేనూ పిల్లా ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చున్నాం.

వెనకనుంచి మాటలు చెప్పేవాళ్ళు లేక సినిమా ఇంగ్లీషులోనే నడిచింది. మేక టోపీ నమిలినప్పుడు ముందువైపు పిల్లలు నవ్వారు. అత్తయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో నేను చూడలేదు. విమానాలు వచ్చాయి. పొగ కమ్మింది. పొగలోంచి కెటిలుతో వంటవాడు వచ్చాడు. కెప్టెను లేచి, ఎడంచెయ్యి నుదుటికి ఎత్తాడు.

కెప్టెను నోరు తెరవకముందే అత్తయ్య అంది, మావయ్య గొంతు ఎక్కడ ఆగేదో అక్కడే ఆగుతూ, "బాబూ, నువ్వు తిన్నావేటి?"

మేడ ఎక్కని మనిషికి ఆ మాట ఎలా వచ్చిందని నేను అడగలేదు. గాలికి పంచె కొంచెం ఊగింది. దాని మీద ఆ చెయ్యి, ఎడంచెయ్యి, అలాగే నుదుటి దగ్గర ఉంది.