శుక్రవారాల సాక్షి

నవంబరు, శుక్రవారం. జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో పొద్దుటి నుంచి ముసురు. బాల్కనీలోని కరివేపాకు కుండీని లోపలికి తెచ్చి పెడుతుండగా, కింది వాటాలోని అంకుల్ ఆసుపత్రిలో పోయారని ఆయన కూతురు వచ్చి చెప్పింది.

ఆయనెవరో మీకు తెలియదు. ఎప్పుడో వరంగల్ నుంచి ఇంజనీరుగా వచ్చి, ఇక్కడే రిటైరైన మనిషి. మా తగువులో మా పక్షాన నిలబడింది ఆయనొక్కరే.

తగువు ఆదాయపు పన్ను గురించి. నా భార్య ఉద్యోగం సరిహద్దు అవతల, లక్సెంబర్గ్‌లో. సోమవారం వెళ్లి శుక్రవారం వస్తుంది. అక్కడ గది తీసుకున్నప్పుడు, రెండు దేశాల్లో పేరుంటే తప్పేమోనని ఇక్కడి నగరపాలక రిజిస్టరులో మా చిరునామా నుంచి ఆమె పేరు తీయించేశాం. ఎవరూ అడగలేదు, మేమే వెళ్లి తీయించాం. దాంతో ఆమె కాపురం ఇక్కడ లేదంది పన్ను ఆఫీసు. భార్యాభర్తలకు కలిపి వేసే పన్ను మాకు వర్తించదని, నన్ను ఒంటరివాడి కింద లెక్కగట్టింది. కాగితాలు పంపితే వేరేవి అడిగారు. అవీ పంపితే మొదటివే మళ్లీ అడిగారు. విసిగిపోయి నా భార్య, "ఉద్యోగం మానేస్తాను, పీడా పోతుంది" అంది.

అంకుల్‌కు కోపం వచ్చింది. "ఏందమ్మా, ఆఫీసోడు రాస్తే నీ ఇల్లు నీది గాకుండ పోతదా? నీ చెప్పులు ఈడ్నే ఉన్నయి, తాళంచెవి నీ తాననే ఉన్నది. మానుడేంది?" నా వైపు తిరిగి, "నువ్వు గూడ మంచోనివే. అడగకముందే పేరు తీయించినవ్. రేపు పెండ్లి పత్రిక మీదికెల్లి గూడ తీయిస్తవా?" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆమె నవ్వింది.

అభ్యంతరం ఆయనే దగ్గరుండి రాయించారు. ఆమె వారం వారం ఇంటికి వస్తుందనడానికి సాక్షి ఎవరని ఆఫీసు అడిగితే, "నేను లేనా? శుక్రవారం సూట్‌కేసు సప్పుడు ఇనేది నేనే గద. ఆఫీసోడు రమ్మన్న టెర్మిన్‌కు నీతోని వస్త" అన్నారు. ఆ చప్పుడు వినగానే తలుపు తీసి మెట్ల లైటు వేసేవారు. "వచ్చినవా బిడ్డా" అని, తలుపు మూసుకునేవారు. అంతకు మించి పలకరింపు ఉండేది కాదు.

ఈ సోమవారమే టెర్మిన్. సాక్షి పోయారని ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇంకొకరిని తీసుకురమ్మన్నారు. ఆ చప్పుడు విన్నవాళ్లు ఇంకెవరున్నారు?

నా భార్యకూ ఫోన్‌లో చెప్పాను. "మానను. సోమవారం సెలవు పెట్టి టెర్మిన్‌కు నేనే వస్తాను. నా ఇల్లు ఇదేనని నేనే చెబుతాను" అంది.

కింద ఇప్పుడే చక్రాల చప్పుడైంది. తలుపు తీసి చూశాను. మెట్లు చీకటిగా ఉన్నాయి. లైటు నేనే వేశాను.