లారీలో ఇద్దరమే

ఇన్సూరెన్సు కంపెనీ పంపిన కాయితం ఇంగ్లీషులో ఉంది. నేను చదివింది రెండో తరగతి, అదీ తెలుగు. బడి పంతులుగారు మా అరుగు మీద కూర్చుని ఒక్కో ప్రశ్నా తెలుగులో చెప్పారు. మా ఇంటాయన కాలికి కట్లతో మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. జవాబులన్నీ నేనే చెప్పాను. బండి ఎక్కడ పడింది? పాచిపెంటకు పైన, ఘాటీలో. ఏం సరుకు? చింతపండు. పడినప్పుడు బండిలో ఎంతమంది ఉన్నారు?

"ఇద్దరం. ఈయన, నేను."

పంతులుగారు కలం ఎత్తి నా మొహంలోకి చూశారు. ఊళ్ళో ఏదో ఒకటి వినే ఉంటారు.

"ఇద్దరేనా అమ్మా?"

"రెండంకి ఎయ్యడానికి అంత సిరా కావాలేటండి?" అన్నాను.

ఆయన వేశారు. కింద నేను వంకర అక్షరాలతో సంతకం పెట్టాను. మంచం మీద మనిషి ఇటు తిరగలేదు.

ఆ లారీ మా పల్లపు భూమి తాకట్టు పెట్టి కొన్నది. అప్పిచ్చిన షావుకారే ఇన్సూరెన్సు ఉండి తీరాలని మొండికేశాడు. ఏజెంటు వచ్చి షరతులు చదివిన రోజు నేను తలుపు చాటున నిలబడి విన్నాను. ఇది సరుకుల బండి, కిరాయికి మనుషులను ఎక్కించకూడదు, ఎక్కించినట్టు తేలితే ఒక్క దమ్మిడీ రాదు. విన్నాను, అర్థమైంది, మర్చిపోలేదు. తెలిసే చేశాను.

నాకు పిసినారి అని పేరుంది. ఉండనీ. కొబ్బరి చిప్ప పారేస్తే దానికి పిడి కట్టి గరిటె చేసుకునేదాన్ని. ఖాళీగా ఉన్న చోటు కంటికి కనిపిస్తే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ సంత రోజు లారీ మీద చింతపండు బస్తాలు పోగా పైన ఇంకా చోటుంది. బయలుదేరబోతుంటే ఒక కొండ మనిషి బుట్ట చంకనేసుకుని కుంటుకుంటూ వచ్చింది. ఇంచుమించు నా ఈడు, ముప్పై ఉంటాయి.

"అమ్మా, కాలు బెణికింది, నడవనేను. మా ఊరి దారికాడ దింపేసి ఎల్లిపోండి."

మా ఇంటాయన తల అడ్డంగా ఊపారు. "మనుసులొద్దే. కాయితం రాసిచ్చినాం."

"కొండల్లో నీ కాయితం ఎవుడు సదువుతాడు?" అని, ఆమెను అడిగాను. "ఏటిత్తావే?"

ఆమె బుట్ట మీద ఆకు తీసి వలిసెలు చూపించింది. నూనె ఆడించుకోవడానికి పనికొస్తాయి. అడ్డెడు కొలిపించుకున్నాను. కొలత నిండాక పైన ఇంకో గుప్పెడు పొయ్యమని కూడా అన్నాను. పైకెక్కుతుంటే చెప్పాను: "మీ దారి రాగానే మా నెత్తి మీద రేకు తట్టు. ఆపుతాం."

ఆమె తట్టింది. రెండు దెబ్బలు, మెల్లిగా, పరాయి ఇంటి తలుపు తట్టినట్టు. ఆయన కాలు బ్రేకు మీదికి వెళ్ళింది.

"ఆపకు," అన్నాను. "ఈ వాలులో ఆగితే మళ్ళీ దిగి హ్యాండిలు తిప్పాల. పెట్రోలు దండగ. రెండు మలుపులు పోతే సదునుంది, అక్కడ దింపుదాం. ఎనక్కి నడుసుకెల్తాది."

కాలు బెణికి నడవలేనన్న మనిషి గురించి అన్న మాట అది. మళ్ళీ తట్టింది, ఈసారి గబగబా. "ఇనబడిందిలేవే!" అని నేను కిటికీలోంచి కేకేశాను.

తర్వాతి మలుపులోనే వానకు నానిన రోడ్డు అంచు జారింది. నేను కొండవైపు పడ్డాను, మోచేతులు గీరుకున్నాయి, అంతే. ఆయన కాలు చక్రం కింద ఉంది. బస్తాలన్నీ లోయవైపు దొర్లి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. వాటి కిందనుంచి ఒక చెయ్యి బయటికి ఉంది. నేను పిలిచాను. పేరు అడగలేదు కనుక "ఒలే, ఒలే" అని పిలిచాను.

మా కోసం సాలూరునుంచి బండి వచ్చేలోపలే వాళ్ళ ఊరివాళ్ళు దిగి వచ్చారు. బస్తాలు తీసి, వాళ్ళ మనిషిని మోసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒక ముసలామె, తల్లి అని తర్వాత తెలిసింది, నా ముందు ఆగి నన్ను పైనుంచి కిందిదాకా చూసి కూతురి వెనక నడిచింది. ఎవరూ ఎక్కడా ఫిర్యాదు చెయ్యలేదు. కొండ మనుషులు కచేరీ మెట్లెక్కితే చేటు వాళ్ళకే అని ఆ రోజుల్లో అందరికీ తెలుసు. నాకూ తెలుసు. ఆ ధైర్యంతోనే రెండంకె వేయించాను.

కాయితం వెళ్ళాక కంపెనీ పెద్దమనిషి వచ్చారు. కోటు, తలపాగా, చేతిలో కొలిచే టేపు. పడిన చోటు చూడాలి, చూసిన మనిషి వచ్చి చూపించాలి అన్నారు. మా ఇంటాయన లేవలేరు కనుక నేనే వెళ్ళాలి. పరాయి మగవాడితో కొండకు కోడలిని ఒంటరిగా ఎలా పంపుతానని మా అత్త కూడా బండెక్కింది. దారి పొడుగునా ఆమె నోరు ఊరుకోలేదు.

"మోటారొద్దురా, ఎడ్లు సాలు అని నానంటే ఇన్నాడేటి? ఎడ్లయితే గోతిని సూసి అయ్యే ఆగుతాయి."

పెద్దమనిషి నవ్వారు. "ఎడ్లకు ఇన్సూరెన్సు లేదు కదమ్మా."

"ఎడ్లకి బుద్దుంది బాబూ," అంది అత్త.

మలుపు చేరాక ఆయన టేపు పట్టి రోడ్డు అంచు కొలిచారు, జారిన మట్టిని కర్రతో పొడిచి చూశారు, పుస్తకంలో రాసుకున్నారు. అంతా మాకు అనుకూలంగానే ఉందని ఆయన మొహం చెబుతోంది. అప్పుడు రోడ్డు పక్కన రాయి కనబడింది.

మోకాలి ఎత్తు నిలువు రాయి. దానికి పసుపు రాశారు. ముందు అడ్డాకు దొన్నెలో అన్నం. ఇంటి బయట పోయిన మనిషికి ఆ పోయిన చోటే రాయి పాతడం ఆ ఊరి ఆచారం. లేకపోతే ప్రాణానికి కూర్చోవడానికి చోటుండదట. సంతల్లో తిరిగిన మనిషిని, ఆ సంగతి నాకు తెలుసు. రాయి పక్కన ఆ ముసలామె మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంది.

"ఇదేమిటమ్మా?" అని పెద్దమనిషి నన్ను అడిగారు.

నా కళ్ళ ముందు మా పల్లపు భూమి కనబడింది. నిజంగానే కనబడింది, నాట్లు వేసిన మడి, గట్టు మీద కందిమొక్కలతో సహా. మంచం మీద కాలు కనబడింది.

"కొండదేవతండి," అన్నాను. "ఎప్పుడూ ఉన్నదే."

"ఎప్పుడూ ఉన్నదా? మట్టి కొత్తగా తవ్వినట్టుందే."

"వానకి ఒరిగుంటాది. మళ్ళీ పాతుంటారు."

"ఎవరూ చనిపోలేదు కదా ఇక్కడ?"

"నేదండి. ఎవురూ నేరు. బండిలో ఇద్దరమే."

ఆయన ముసలామె వైపు తిరిగారు. "ఏమమ్మా, నిజమేనా?"

ముసలామె ఆయన్ని చూడలేదు. నన్నే చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నాకు తేలికగా ఉండేది. నేను మాట మార్చుకుంటానేమో అని ఎదురుచూస్తున్న చూపు అది.

"అమ్మ సెప్పింది కదా బాబూ," అంది.

ఆయన పుస్తకం మూశారు. ఇల్లు చేరాక మా అత్త కాళ్ళు కడుక్కుంటూ, "భూమి నిలబెట్టినావు కోడలా," అంది. మెచ్చుకున్నదో తిట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు.

కంపెనీ మాట తప్పలేదు. డబ్బు వచ్చింది, భూమి విడిపించుకున్నాం, మిగిలినదానికి ఇంకొకరి పాత లారీ ఒకటి తీసుకున్నాం. ఆయన కుంటుతూనే మళ్ళీ తోలడం మొదలుపెట్టారు. మొదటి రెండు నెలలు ఏమీ లేదు. ఒక మధ్యాహ్నం సంతనుంచి ఖాళీగా దిగుతున్నాం. ఆ రోజు సరుకు ధర కుదరలేదు. ఆ ఊరి దారి దగ్గర ఆయన బండి ఆపేశారు.

"ఏటి?" అన్నాను.

"తట్టింది ఇన్నావా?"

"రాయెగిరి తగిలుంటాది."

ఆయన దిగి, వెనక్కి వెళ్ళి, ఖాళీ లారీ మీదికి చూశారు. ఎవరో దిగడానికి పట్టేంత సేపు అక్కడే నిలబడి, తర్వాత వచ్చి హ్యాండిలు తిప్పారు. అప్పటినుంచి ప్రతి సంతకూ అక్కడ ఆపేవారు. దిగేవారు, నిలబడేవారు, ఎక్కేవారు. పెట్రోలు గురించి నేను నోరెత్తలేదు. ఆయనకు చెప్పలేదు గానీ మొదటిసారే నేనూ విన్నాను. రెండు దెబ్బలు, మెల్లిగా. తర్వాత ఇంట్లో కూడా వినేదాన్ని. పట్టపగలు పెరట్లో చింతపండు గింజ తీస్తుంటే, పైన రేకు లేదు, ఏమీ లేదు, ఆకాశం. నా నెత్తి మీదే తట్టినట్టుండేది. చేతిలో కర్ర ఆపి చూసేదాన్ని. పక్కనున్న ఆడవాళ్ళు, "ఏటమ్మా అలా సూత్తన్నావు?" అనేవారు. గద్ద అనుకున్నానని చెప్పేదాన్ని.

అదే రోజుల్లో మలుపు దగ్గర రాయి లేకపోవడం గమనించాను. గుంట మాత్రం ఉంది, దాన్లో నీళ్ళు. ఆ సంతకు ఆయన ఆపినప్పుడు నేనూ దిగాను. కొత్త చీర ఒకటి, కొంగున కొంత డబ్బు. ఇవ్వడం నాకు అలవాటు లేని పని. కొండదారిన నడుస్తుంటే ఎక్కువ కట్టుకొచ్చానా, తక్కువ కట్టుకొచ్చానా అని దారంతా లెక్క వేసుకున్నాను.

ముసలామె ఇంటి ముందు సామలు చెరుగుతోంది. నన్ను చూసి చేట ఆపలేదు.

"రాయి ఏదే అవ్వా?"

"పీకేసినాం."

"ఏటికి?"

"నువ్వు ఎవురూ నేరన్నావు. నేని మనిసికి రాయేటికి?" చేటలో పొట్టు ఊదింది. "ఆకరున దాన్ని సూసినదానివి నువ్వు. దాంతో ఆకరున మాటాడినదానివి నువ్వు. మా కాడ అలాటోలి మాటే మాట. అది అక్కడే కూకుని ఇన్నాది. ఇని నెగిసి ఎల్లిపోనాది."

"ఎక్కడికి?"

"నాకేటి తెలుసు? నిన్నే అడగాల."

నేను చీర ముందు పెట్టాను. డబ్బు విప్పాను. ఆమె రెండూ చూసింది, ముట్టుకోలేదు.

"ఇయ్యేటికమ్మా? రాయి పాతినప్పుడు కొట్టే దున్నపోతుని మేమే కొంటాం. రాయి మేమే మోసుకొత్తాం. నువ్వు ఒక్క పని సెయ్యి. పది మందిని పిలుత్తాను. అందరి ముందర, అది ఉన్నాది, నా బండెక్కింది, నానే ఎక్కించుకున్నాను, అను. అంతే. అది ఇంటాది. తిరిగొత్తాది."

"అంతేనా?" అన్నాను.

"అంతే."

నా జన్మలో నన్ను ఎవరూ అంత చవకైన బేరం అడగలేదు. లేచి నిలబడ్డాను కూడా. ఆమె చేట దించి, చేతులు దులుపుకుని, మనుషుల్ని పిలవడానికి ఊరి మధ్యకు నడిచింది. అప్పుడు చూశాను, అటుపక్క చెట్టు కింద ఫారెస్టు గార్డు జీలుగు కల్లు తాగుతూ కూర్చుని ఉన్నాడు. మా సాలూరువాడే, మా ఇల్లు తెలిసినవాడే. ఇక్కడ అన్న మాట అక్కడికి చేరడానికి ఒక్క సంత చాలు. చేరితే కంపెనీ ఊరుకోదు. కుంటికాలుతో ఆయన బోనెక్కాలి, నా సంతకంతో నేనూ ఎక్కాలి, ఇల్లు ముసలి అత్త పాలు. ఇదంతా ముసలామె పది అడుగులు వేసేలోపల ఆలోచించాను.

"అవ్వా," అని పిలిచాను. "పొద్దు పోయింది. వచ్చే సంతకి వచ్చి సెప్తాను."

ఆమె వెనక్కి తిరిగింది. "వచ్చే సంతకా?"

"ఔను."

"సర్లే," అంది. వెనక్కి వచ్చి చీర, డబ్బు నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

వచ్చే సంతకు వెళ్ళాను, ఆ ఊరికి మాత్రం వెళ్ళలేదు. ఆ తర్వాతి సంతకూ అంతే. ముసలామె సంతలో కొండచీపుళ్ళు అమ్మేది. నేను ఆమె ముందునుంచి వెళ్తే తలెత్తి చూసేది, అడిగేది కాదు. ఒకసారి తప్పించుకోలేక చీపురు కొన్నాను. నేను బేరం ఆడలేదు. అయినా అందరికీ చెప్పే ధరే చెప్పింది, చిల్లర సరిగ్గా ఇచ్చింది. అలా ఎన్నో ఏళ్ళు గడిచాయి. మా ఇంటాయన పోయారు. లారీ అమ్మేశాం. ఫారెస్టు గార్డుకు ఎక్కడికో బదిలీ అయింది. కంపెనీ ఆ పాత పుస్తకాలు ఎప్పుడో చెదలకు వదిలేసి ఉంటుంది. భయపడడానికి ఎవరూ మిగలని రోజు కూడా వచ్చింది. ఆ రోజు మోకాళ్ళ నొప్పి అన్నాను.

ఒక సంతకు ముసలామె రాలేదు. పక్కన చీపుళ్ళమ్మే మనిషిని అడిగితే పోయిందని చెప్పింది. ఊరి బయట ఆమెకు రాయి నిలబెట్టారట. దాని పక్కన ఇంకో రాయి పట్టేంత చోటు తవ్వి ఉంచమని పోయేముందు కొడుకులకు చెప్పిందట.

"ఎవురికే ఆ సోటు?" అన్నాను.

"నీకే తెలుసన్నాదమ్మా," అంది ఆ మనిషి.

నేను ఇంతవరకు వెళ్ళి చూడలేదు.