స్తంభానికి కట్టిన తువ్వాల

డెబ్బైల నాటి మాట. కామారెడ్డి బెల్లం మార్కెట్లో, రేకుల షెడ్డు కింద బండ్లు నిలిపే చోటికి నేను కాపలాదారుని. పేరుకే కాపలా, రోజంతా తగాదాలు తీర్చడమే నా పని. షెడ్డు కింద పట్టే బండ్లు తక్కువ, వచ్చేవి ఎక్కువ. అందుకని దూరపు రైతులు వేలానికి ఒకరోజు ముందే బస్సు డ్రైవరు చేత తువ్వాల పంపేవారు. దాన్ని నేను ఒక స్తంభానికి కడితే ఆ చోటు వాళ్లది. వేలం గంట కొట్టేదాకే ఆ హక్కు. గంట మోగినా బండి రాకపోతే తువ్వాల విప్పి, బయట వరసలో ముందున్న బండిని లోపలికి తోలించాలి. ఈ కట్టుబాటు పెట్టింది నేను కాదు, మాటలు పడేది మాత్రం నేనే.

ఎల్లారెడ్డి వైపు నుంచి ఒక ముసలాయన వచ్చేవాడు. నేను చాచా అని పిలిచేవాణ్ణి. ఆయనది పచ్చగళ్ల తువ్వాల. ఏనాడూ ఆలస్యం చేసి ఎరగడు. ఆ రోజు మాత్రం గంట మోగినా చాచా రాలేదు. మబ్బు కమ్ముకొస్తోంది. బయట వరసలో మొదట ఉన్న భిక్నూరు ఆమె బెల్లం బండి పక్కన నిలబడి నా మొహం వంకే చూస్తోంది. చోటు ఆపితే ఈమె బెల్లం తడుస్తుంది, ఇచ్చేస్తే ఆయనది తడుస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఒక బీడీ కాలేంతసేపు ఆగి తువ్వాల విప్పాను.

ఆమె ఇంకా ఎద్దుల్ని విప్పుతుండగానే చాచా బండి గేట్లోకి వచ్చింది. దాని వెనకే వాన వచ్చింది.

"దారిల ఎద్దు నాడా ఊడింది బేటా" అన్నాడు.

లోపల కాలు పెట్టే సందు లేదు. బెల్లం మీద ఆయన కప్పుకొచ్చింది చెరుకాకు. ఆ వానకు అదెంత? కాసేపటికి బండి కింద ఎర్రటి నీళ్లు కారసాగాయి. నన్ను నాలుగు తిడితే బాగుండుననిపించింది. ఆయన తిట్టలేదు. చెయ్యి చాపి నా చేతిలోంచి తన తువ్వాల తీసుకుని బెల్లం మీద పరిచాడు. అది రెండు ముద్దలకు కూడా సరిపోలేదు.

మరుసటి వారం బస్సు డ్రైవరు ఉత్త చేతులతో దిగాడు. ఆ మధ్యాహ్నమే, వేలానికి ఒకరోజు ముందే, చాచా బండి వచ్చింది. ఆ స్తంభం దగ్గరే ఎద్దుల్ని విప్పి, దానికి ఆనుకుని కూర్చున్నాడు. తువ్వాల పంపితే నేను కట్టి ఉంచేవాణ్ణి కదా, ఒక రోజంతా ఎందుకీ కష్టం అన్నాను.

"నీ తప్పేం లేదు బేటా" అన్నాడు. "గంట కొడితే తువ్వాలనైతే విప్పుతవు. మనిషిని విప్పవు గద."