కింది నుంచి గంట మోగేదాకా

మొన్న బెంగళూరులో మా ఆఫీసులో ఎవరో స్టీలు గ్లాసులో టీ కలిపి, చెంచాతో అంచు మీద మూడుసార్లు తట్టారు. టంగ్, టంగ్, టంగ్. నేను కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకున్నాను. పక్క సీటు అమ్మాయి వింతగా చూసింది. నా కళ్ల ముందు మాత్రం కోలారు బంగారు గనుల పక్కనున్న మా రాబర్ట్‌సన్‌పేటలో ఎప్పటిదో ఒక మధ్యాహ్నం కదలకుండా నిలబడి ఉంది. బంగారం తీశాక పారబోసిన సైనైడ్ మట్టిదిబ్బల మీంచి లేచిన తెల్లటి దుమ్ము వీధి మీద మెల్లగా వాలుతోంది. ఆ దుమ్ములోంచి నారాయణప్ప గారు చేతికర్రతో దారి వెతుక్కుంటూ వస్తున్నారు.

అప్పటికి గనులు మూతపడి చాలా ఏళ్లయింది. నేను బజారులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. దరఖాస్తులు నింపడంలో నా అంత చురుకైన వాళ్లు ఊళ్లోనే లేరని తెగ మిడిసిపడేదాన్ని. నారాయణప్ప గారు ఒకప్పుడు గనిలో వైండర్ డ్రైవరు. మనుషుల్ని భూమి అడుగుకు దించి పైకి లాగే ఇనుప కేజ్‌ని నడిపిన మనిషి. గని పోయాక చూపు కూడా పోసాగింది. కుడి కన్ను అప్పటికే చీకటి. ఎడమ కంట్లో మిగిలిన కాస్త వెలుగైనా దక్కాలంటే బెంగళూరులో ఒక కంటి ఆసుపత్రికి వెళ్లాలి. వాళ్లు తేదీలు వెబ్‌సైటులోనే ఇచ్చేవాళ్లు. పేజీ తెరిచాక పది నిమిషాల్లో అంతా నింపకపోతే, రాసిందంతా తుడిచేసి మళ్లీ మొదటికి తెచ్చేది.

"నేనే కొడతా అమ్మణ్ణీ. నువ్వు పక్కన ఉంటే చాలు," అన్నారాయన. భూతద్దం స్క్రీనుకు ఆనించి, ఒక్కో అక్షరం వెతికి, పేరు పూర్తిచేసి చిరునామాకు వచ్చేసరికి పేజీ ఎగిరిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి గడియారం అంకెలు ఎర్రబడగానే నా ఓపిక చచ్చిపోయింది.

"ఉండప్పా, నేను చేస్తా," అని మౌసు లాక్కున్నాను.

"రవ్వంత నిలువమ్మా, ఆడ ఏముండాదో చదవనీ..." అంటూనే ఉన్నారాయన. ఏ విభాగం కావాలన్న చోట మొదట కనిపించినదాన్ని నొక్కి పంపేశాను. ఇంకా ఇరవై సెకన్లు మిగిలాయి. నా వేగానికి నేనే మురిసిపోయాను.

నేను నొక్కింది అద్దాల పరీక్ష. ఆయనకు కావలసింది కంటి నరాల డాక్టరు. తెల్లవారుజాము రైలుకు వెళ్లిన మనిషి సాయంత్రం తిరిగొచ్చి మా సెంటరు మెట్ల మీద కూర్చున్నారు. నరాల డాక్టరుకు వేరే తేదీ తీసుకోమన్నారట, రెండు నెలల దాకా ఖాళీ లేదట. సిగ్గుతో ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

"ఇంజను రూములో కూర్చుంటే నాకు కిందుండే మనిషి కనపడడు," అన్నారాయన. "గంట ఒకటే వినపడేది. మూడు కొడితే మనుషులు ఎక్కతా ఉండారని. ఇంగ ఒకటి కొడితేనే లాగల్ల. ఒకడు ముసలోడు ఉంటాడు, ఒకడికి కాలు నొప్పి ఉంటాది. ఎంతసేపైనా కాసుకోని ఉండల్ల." ఆగి, నా వైపు తిరిగారు. "నువ్వు గంట రాకముందే లాగేసినావు అమ్మణ్ణీ."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ రెండు నెలల్లో ఎడమ కన్ను ఇంకా మసకబారింది. ముందే వచ్చి ఉంటే కొంత చూపు నిలిచేదని డాక్టరు అన్నాడట. ఆ మాట ఆయన నాకు చెప్పలేదు, వాళ్లావిడ చెప్పింది.

తర్వాత నేను వెబ్‌సైట్లు కట్టే పని నేర్చుకుని బెంగళూరు చేరాను. అక్కడ నా మొదటి పోట్లాట ఒక ఆసుపత్రి పేజీ మీదే. "పది నిమిషాలు చాలవా?" అన్నాడు మా మేనేజరు. "ఎవరికి సార్?" అన్నాను. గడువు ముగిసేముందు పేజీ అడగాలి, ఒక్క మీట నొక్కితే సమయం పెరగాలి, ఆ ప్రశ్న చూపులేని వాళ్లకు చెవిన పడాలి, రాసింది పోకూడదు. వారం రోజులు ఇదే పాట పాడాను. చివరికి నన్ను వదిలించుకోవడానికే ఒప్పుకున్నాడనుకుంటాను.

పేజీ జనానికి తెరవకముందు, ఒక ఆదివారం లాప్‌టాప్ పట్టుకుని నారాయణప్ప గారింటికి వెళ్లాను. అప్పటికి రెండు కళ్లూ చీకటే. పేజీని చదివి వినిపించేలా చేసి, ఆయన చెవిలో ఇయర్‌ఫోను పెట్టి, అక్షరాలను వేళ్లతో ఎలా పోల్చుకోవాలో చెప్పాను. బయట మంచు ఇంకా విడలేదు, ఆ ఇల్లు ఎక్కడో తేలుతున్నట్టుంది. ఆయన టైపు చేస్తూనే ఉన్నారు. పేజీ మధ్యలో అడిగింది, ఇంకా సమయం కావాలా అని.

"ఓయమ్మో, అడగతా ఉండాదే ఇది!" అని చిన్నపిల్లాడిలా నవ్వి మీట నొక్కారు. అలా నాలుగుసార్లు. నా చేతులు ఒళ్లో కట్టేసుకున్నాను. గంటసేపటికి అంతా అయింది. పంపడం మాత్రం ఆయన చేయలేదు. లాప్‌టాప్ నా వైపు జరిపి, బల్ల మీద గోటితో మూడుసార్లు కొట్టారు. ఆగారు. తర్వాత ఒక్కటి కొట్టారు.

అప్పుడు నొక్కాను.

ఆయన ఇప్పుడు లేరు. గడువున్న ఏ పేజీ చేసినా, దాన్ని తెరిచిపెట్టి వెళ్లి టీ తాగి వస్తాను, నా కోసం ఆగిందా లేదా అని. మొన్న ఆ చెంచా మూడుసార్లే మోగింది. నాలుగోది వినిపించలేదు. పక్క సీటు అమ్మాయి ఏమైందని అడిగేదాకా నా చేతులు ఒళ్లోనే ఉన్నాయి.