జీరో టికెట్

రెండు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసిన రోజు, ఖానాపురం హవేలిలో మా వీధంతటికీ మిఠాయి పంచింది నేనే. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచుతారు, పేదలకు మేలు జరుగుతుందని నా వాదన. "కలిసి తింటరు, అంతే" అన్నాడు మా ఆయన. ఆయన మీద ఒంటికాలి మీద లేచాను. రెండు రోజులు మాట్లాడలేదు కూడా.

నేను బస్సు కండక్టర్ని. పొద్దున్నే ఖమ్మంలో బయల్దేరి, ఏన్కూరు దాటి, అడవిలో ఆఖరి ఊరిదాకా పోయి రావడం నా డ్యూటీ. ఆ ఊళ్లో స్టాపు దగ్గర ఎవరూ నిలబడరు. ఊరి ముందున్న వాగు దగ్గర డ్రైవర్ హారన్ కొడితే అప్పుడు ఇళ్లలోంచి బయటికొస్తారు. తిట్టుకుంటూనే ఆగేవాళ్లం. వాళ్లలో ఒక అవ్వ ఉండేది. కిడ్నీలు పాడై, వారానికి రెండుసార్లు కోడల్ని వెంటబెట్టుకుని డయాలసిస్ కోసం ఖమ్మం దవాఖానాకు వచ్చేది. మా బస్సు తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు.

ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే. కానీ ఆధార్ కార్డు చూసి మెషిన్‌లో జీరో టికెట్ కొట్టాలి. ఎంతమంది ఎక్కారో ఆఫీసుకు తెలిసేది ఆ టికెట్లతోనే. ఆ ఊరి ఆడవాళ్లు కార్డు తెచ్చేవాళ్లు కాదు. "అది పోతే బియ్యం పోతయ్ బిడ్డా" అని ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఇంటి చూరులో దోపి వచ్చేవాళ్లు. కార్డు లేకపోతే చార్జీ తీసుకోవాలి. ఆ అవ్వ దగ్గర ఏం మొహం పెట్టుకుని తీసుకుంటాను? టికెట్ కొట్టకుండానే "కూసో అవ్వా" అనేదాన్ని. ఆమెనొక్కదాన్నే కాదు, అందరినీ అలాగే కూర్చోబెట్టాను. చెకింగ్ వాళ్లు అంత లోపలికి రారులే అని ధైర్యం. ఎండాకాలం అవ్వ ఆకు దొప్పలో తునికిపండ్లు తెచ్చి నా ఒళ్లో పెట్టేది. నా అంత పుణ్యాత్మురాలు లేదని మురిసిపోయేదాన్ని.

ఖర్చు తగ్గించాలని పైనుంచి ఆర్డర్ వచ్చింది. ఖాళీగా తిరిగే బస్సులు రద్దు. అందులో మొదటిది మాదే. డిపోలో మేనేజర్ సారు దగ్గర నోరు పారేసుకున్నాను. "కూసోనీకి జాగ దొరకదు సార్, ఖాళీ ఏంది?"

సారు కంప్యూటర్ నా వైపు తిప్పాడు. "నీ మెషినే చెప్తున్నదమ్మా. ఆ ఊర్ల ఎక్కేటోళ్లు ఇద్దరో ముగ్గురో."

ఆ ఇద్దరు ముగ్గురూ టికెట్ కొన్న మగవాళ్లు. నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పలేదు.

ప్రభుత్వాన్ని ఇప్పటికీ తిట్టుకుంటాను. వాళ్ల సభలకూ కార్లకూ లేని కోత అడవి బస్సుకెందుకొచ్చింది? ఒక పార్టీ వాళ్లను అడిగితే ఆ శాఖ మాది కాదు, వాళ్లది అంటారు. ఒక్కరంటే ఒక్కరు వచ్చి ఆ వాగు దగ్గర నిలబడి చూస్తే ఏం పోయింది? ఇంతలో సారు చూపించిన కంప్యూటర్ గుర్తొస్తుంది.

నన్ను మెయిన్ రోడ్డు బస్సుకు మార్చారు. కొన్ని నెలల తర్వాత ఏన్కూరులో అవ్వ కోడలు ఒంటరిగా ఎక్కింది. నేను అడగకముందే చెప్పింది.

"అత్త పోయిందమ్మా. ఆటో దొరికిన నాడు దవాఖానాకు తీస్కపోయిన, లేకుంటే లేదు. ఒళ్లంత ఉబ్బి పోయింది."

కిటికీ పక్క సీట్లో కూర్చుని నా వైపు తిరిగింది. "మా బస్సు ఖాళీ అని రాసిన్రట. గంతమందిమి కూసుంటిమి గదమ్మా?"

ఆమె కొంగు ముడి విప్పి కార్డు తీసింది.

"పోయేదాక అత్త నిన్నే తలిచింది. కార్డు అడగని అమ్మ మంచిగున్నదా అని."

ఆ కార్డు తీసుకుని చూశాను. జీరో టికెట్ కొట్టి ఆమె చేతిలో పెట్టాను.