వజ్రం పూసిన గాజు

కోలారు నుంచి ఆండర్సన్‌పేట పోయే బస్సులో, మా ల్యాబులో చేసిన గాజుముక్కను గొప్పకు పోయి పక్కసీటు ముసలాయనకు చూపించినాను. "దీనిమీద వజ్రం పూత ఉండాది తాతా. ఎండ దీన్ని దాటిపోతాది, కరెంటూ పారతాది. సోలార్ ప్యానెళ్లకని చేస్తా ఉండాము."

"వజ్రం యాడుండాదప్పా? నాకు గాజే కనపడతాది." కిటికీ ఎండకు పట్టి చూసి, వేలితో తడిమి, జాగ్రత్తగా తిరిగిచ్చినాడు.

నేను డబ్బాలో పెట్టి మూత వేసినాను. అడక్కుండానే ఆయన రెండు అరచేతులూ తిప్పి చూపించినాడు.

"బంగారు గనిలో షిఫ్టు ముగిసినాక ఇట్ల చూపిస్తేనే గేటు దాటనిచ్చేది. చూసుకో అప్పా." నోరు తెరిచి నాలుక పైకెత్తినాడు.

ఆ పూత గోటితో గీకినా ఊడదని నాకు తెలుసు. వద్దు తాతా అంటే సరిపోయేది. నేను వంగి, ఆయన నాలుక కింద చూసినాను.